స్క్రీన్ నల్లబడితే బోర్డు కాలిపోయినట్టు కాదు, ఆ మాట ముందే చెప్పరేంటి?

మొన్న రాత్రి మా బాబాయ్ కొడుకు ఫోన్ చేశాడు, ఏడుపొక్కటే తక్కువ. "అన్నా, బోర్డు పోయినట్టుంది, స్క్రీన్ మీద ఏమీ రావట్లేదు" అన్నాడు. ఎన్నాళ్ల నుంచో డబ్బులు దాచుకుని, పార్టులు ఒక్కోటి కొనుక్కుని, తనే కూర్చుని బిగించుకున్న కంప్యూటర్ అది. విండోస్ బదులు వాడుకునే లినక్స్ ఎక్కిద్దామని పెన్‌డ్రైవ్ పెట్టాడు, దాని మెనూ వచ్చింది, ఇన్‌స్టాల్ మీద ఎంటర్ కొట్టాడు, అంతే, మొత్తం నలుపు. కర్సర్ కూడా లేదు. నాకు ఫోన్ చేసేలోపే ర్యామ్ మూడుసార్లు ఊడదీసి పెట్టాడంట, పొద్దున్నే గ్రాఫిక్స్ కార్డు వెనక్కిచ్చేద్దామని డబ్బాలో సర్దడానికి కూడా రెడీ అయిపోయాడు.

నాకు భలే కోపమొచ్చింది, వాడి మీద కాదు. మెనూ కనపడిందంటేనే కార్డు, కేబులు, మానిటరు అప్పటిదాకా బాగానే పనిచేసినట్టు కదా, ఈ ఒక్క ముక్క ఇన్‌స్టాలర్ చెప్పుంటే వాడు స్క్రూడ్రైవర్ ముట్టుకునేవాడే కాదు.

ముందు క్యాప్స్ లాక్ నొక్కరా అన్నా. లైటు వెలిగింది, మళ్లీ నొక్కితే ఆరింది. అంటే లోపల సిస్టమ్ నడుస్తూనే ఉంది, బొమ్మ మాత్రమే బయటికి రావట్లేదు. ఆ మాట విన్నాక గానీ వాడు ఊపిరి పీల్చుకోలేదు.

అసలు జరిగేదేంటంటే, మెనూ వరకు స్క్రీన్‌ని నడిపేది మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్, అంటే ఆ పార్టుని నడిపించే చిన్న ప్రోగ్రామ్. తర్వాత కెర్నల్‌లో, అంటే లినక్స్ అసలు గుండెకాయలో, ఉండే గ్రాఫిక్స్ డ్రైవర్ (కార్డుని నడిపే ప్రోగ్రామ్) వచ్చి స్క్రీన్‌ని తన చేతిలోకి తీసుకుని రిజల్యూషన్ తనే సెట్ చేస్తుంది. దీన్నే కెర్నల్ మోడ్ సెట్టింగ్ అంటారు, 2009లో వచ్చిన 2.6.29 కెర్నల్‌తో మొదలైంది. కార్డేమో కొత్తది, పెన్‌డ్రైవ్‌లో ఉన్న కెర్నలేమో ఆ కార్డు పుట్టకముందుది అయితే సరిగ్గా ఆ చేతులు మారే దగ్గరే తేడా కొడుతుంది. కార్డుకి కావాల్సిన ఫర్మ్‌వేర్ ఫైల్ లేకపోయినా అంతే. సొంతంగా బిల్డ్ చేసుకునేవాళ్లు కొత్త కార్డే కొంటారు కదా మరి, అందుకే ఈ బాధ వాళ్లకే ఎక్కువ.

ఇంత జరుగుతున్నా కెర్నల్ నోరు మూసుకుని ఏమీ కూర్చోదు, ప్రతి అడుగూ చెప్తూనే ఉంటుంది. చాలా డిస్ట్రోలు, అంటే ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్ రకాలు, కెర్నల్‌ని మొదలుపెట్టే లైన్లో క్వైట్ (quiet), స్ప్లాష్ (splash) అనే రెండు మాటలు పెట్టి దాని నోరు నొక్కేస్తాయి, లోగో అందంగా కనపడాలని. అన్నీ సవ్యంగా ఉన్న రోజు ఆ అందం ఓకే, కానీ మొదటిసారి ఇన్‌స్టాల్ చేసేవాడికి లోగో ఎందుకండీ? వాడికి కావాల్సింది ఎక్కడ ఆగిందో చెప్పే ఒక్క లైను.

సలహాలిచ్చేవాళ్లతో ఇంకో బాధ. ఎవడైనా స్క్రీన్ రావట్లేదు అంటే చాలు, "నోమోడ్‌సెట్ పెట్టు" అని ఒక్క మాట పడేసి వెళ్లిపోతారు. అదేంటో, ఎక్కడ పెట్టాలో, పెట్టాక ఏం చెయ్యాలో చెప్పరు. గ్రబ్ మెనూలో, అంటే మొదట కనపడే ఆ మెనూలోనే, ఇన్‌స్టాల్ లైను మీద ఉండగా కీబోర్డు మీద e అక్షరం నొక్కాలి, linux అని మొదలయ్యే లైను చివర్లో nomodeset అని మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చెయ్యాలి, ఎఫ్10 కొట్టాలి. డ్రైవర్‌ని స్క్రీన్ జోలికి పోవద్దని చెప్పడమే అది, అంతకుమించి మందేమీ కాదు. రిజల్యూషన్ తక్కువొస్తుంది, బొమ్మంతా ప్రాసెసరే గీస్తుంది, వీడియో పెడితే నత్తనడక. ఆ మార్పు కూడా ఆ ఒక్క బూట్‌కే, చాలామందికి ఇన్‌స్టాల్ అయ్యి రీస్టార్ట్ చెయ్యగానే మళ్లీ నలుపే వస్తుంది, మళ్లీ బోర్డు పోయిందని భయం. అప్పుడు ఇంకోసారి అలాగే లోపలికెళ్లి, కెర్నలూ డ్రైవరూ అప్‌డేట్ చేసుకుని, ఆ తర్వాత నోమోడ్‌సెట్ లేకుండా బూట్ చెయ్యాలి. ఈ రెండో సగం చెప్పకపోవడం వల్ల, కొత్త కార్డు కొనుక్కుని, ఆ మాటని శాశ్వతంగా పెట్టేసుకుని నెలల తరబడి నోమోడ్‌సెట్‌తోనే నడిపి లినక్స్ స్లో అని తిట్టుకునేవాళ్లని చూశా నేను.

అన్నట్టు మెనూ కూడా రాకపోతే ముందు కేబుల్ చూడండి. విడిగా కార్డు పెట్టి కేబుల్ మాత్రం మదర్‌బోర్డుకి గుచ్చేసేవాళ్లు బోలెడుమంది, ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్లకి లోపల గ్రాఫిక్స్ ఉండవు కాబట్టి ఆ పోర్టు నుంచి ఏమీ రాదు.

మార్చాలనుకుంటే మారుతుంది. కార్డుల ఫర్మ్‌వేర్ విడిగా వెతుక్కోవాల్సిన గోల డెబియన్‌లో ఏళ్ల తరబడి ఉండేది, 2022లో వాళ్లు ఓటింగ్ పెట్టుకుని 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తున్నారు. ఉబుంటు మెనూలో సేఫ్ గ్రాఫిక్స్ అని ఒక లైనుంది, అది కూడా మంచి పనే. దాని పక్కన "స్క్రీన్ నల్లబడితే ఇది నొక్కండి" అని నాలుగు మాటలు రాయడానికి ఏమొచ్చింది?

మా బాబాయ్ కొడుకుతో ఆ రాత్రి అదే లైన్లో క్వైట్, స్ప్లాష్ రెండూ చెరిపించి బూట్ చేయించా. లైన్లు గబగబా పరిగెత్తి ఒకచోట ఆగిపోయాయి. ఫోన్లో కాసేపు సైలెంటు. తర్వాత నెమ్మదిగా చదివాడు, "స్విచింగ్ టు... అన్నా, తర్వాత ఉన్నది నా కార్డు డ్రైవర్ పేరే కదా?" అన్నాడు. అవున్రా, అదే అన్నా. డబ్బాలో సర్దుదామన్న కార్డు ఇప్పుడు కొత్త కెర్నల్‌తో శుభ్రంగా నడుస్తోంది.