నేలే కదా బావగారూ!

(మిన్నెసోటా రాష్ట్రం, డిసెంబరు నెల. మినియాపొలిస్ దగ్గర బావగారి ఇల్లు. అపార్ట్‌మెంట్‌లో ఉండే బావమరిది సెకండ్ హ్యాండ్‌లో స్నోమొబైల్, అంటే ముందు రెండు స్కీ పలకలు, వెనక ట్రాక్ అనే రబ్బరు పట్టీతో మంచు మీద నడిచే బండి కొని, ట్రైలర్ మీద తెచ్చి బావగారి గ్యారేజీ ముందు ఆపాడు. ఆ గ్యారేజీ నేలకు మొన్న వేసవిలోనే ఎపాక్సీ పూత వేయించారు.)

బావమరిది: తలుపు తెరవండి బావగారూ. స్టార్ట్ చేసి ఒక్క ఊపులో లోపల పెట్టేస్తా. రెండు నిమిషాల పని.

బావ: ముందు ఆ తాళంచెవి ఇలా ఇవ్వు. ఆ ఒక్క ఊపుకే నా నేల చీరుకుపోతుంది.

బావమరిది: నేలే కదండీ, పట్టుచీరా? ఈ బళ్ళు తయారయ్యే రాష్ట్రంలో ఉంటూ ఏమిటా భయం? పొలారిస్ కంపెనీ పుట్టింది ఇక్కడి రోజో ఊళ్ళో, ఆర్కిటిక్ క్యాట్ థీఫ్ రివర్ ఫాల్స్‌లో. ఆ ఊళ్ళ రైతులు బండికి హారతిచ్చి లోపలికి తీసుకెళ్తారా?

బావ: వాళ్ళ షెడ్డులో ట్రాక్టర్లు తిరుగుతాయి. అది ఉత్త కాంక్రీటు. నాది పూత, దాని మందం ఎంతనుకున్నావు? ఇలా వంగి ఆ స్కీ అడుగున చూడు. కడ్డీ కనబడుతోందా? దానికి అతికించి ఉన్నది కార్బైడ్. గోడకు కన్నం పెట్టే డ్రిల్లు మొనకు ఉండేదీ అదే. గట్టి మంచు మీద హ్యాండిల్ తిప్పితే బండి తిరగాలి కాబట్టి అది పెట్టారు. అదే హ్యాండిల్ నా నేల మీద తిప్పావనుకో, పూతను దాటి కాంక్రీటు మీద నెలవంక గీస్తుంది. ఇక వెనక ట్రాక్‌కి మేకులు. ఈ బండి పాత యజమాని సరదాపడి బిగించుకున్నట్టున్నాడు, తొంభై ఆరు, ఇందాక లెక్కపెట్టా. రోడ్లు పాడవుతాయనే కదా ఈ రాష్ట్రంలో ఉండేవాళ్ళ కార్లకు మేకుల టైర్లు వద్దన్నారు? రోడ్డుకే పనికిరాని మేకులు నా గ్యారేజీకి పనికొస్తాయా? పైగా బండి బరువు రెండున్నర క్వింటాళ్ళు. నేల సంగతి వదిలెయ్, నీ బండి సంగతి చూడు. ట్రాక్ లోపల పట్టాలకు హైఫాక్స్ అని ప్లాస్టిక్ పట్టీలుంటాయి. మంచు తగులుతుంటేనే అవి చల్లగా ఉంటాయి. పొడి నేల మీద నడిపితే వేడెక్కి కరుగుతాయి.

బావమరిది: పదడుగులకే?

బావ: పదడుగులకు కరగవులే. మాటవరసకు అన్నా.

బావమరిది: ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా. మీ కారు మాటేమిటి? నవంబరు నుంచి మార్చి దాకా రోజూ రోడ్డు మీది ఉప్పునీళ్ళు, ఇసుక తెచ్చి ఈ నేల మీదే పోస్తోంది. దాన్నేమీ అనరు. నా బండికి మాత్రం మడి కట్టమంటారు.

బావ: కారు నీళ్ళు తుడిస్తే పోతాయి. గీత తుడిస్తే పోతుందా?

బావమరిది: అందుకేగా మీ చక్రాల పీటలు? స్కీల కింద రెండు, ట్రాక్ కింద ఒకటి. ఆ డాలీలు నేనూ వాడాను. మా ఫ్రెండు గ్యారేజీలో గడప దగ్గర, తలుపు దిగే చోట అరంగుళం ఎత్తుకు ముందు చక్రం తట్టుకుని ఆగిపోయింది. బంపర్ పట్టుకుని ఎత్తితే నా నడుము వారం రోజులు పట్టేసింది. అది దాటాక ఇంకో తమాషా. నీళ్ళు బయటికి పోవాలని గ్యారేజీ నేలకు తలుపు వైపు వాలు ఉంటుంది కదా? చెయ్యి వదలగానే బండి వెనక్కి బయల్దేరింది. వెనక వాళ్ళావిడ కారు. అంగుళంలో తప్పింది. నేలకు గీత పడకూడదని కారుకు సొట్ట పెట్టుకుంటామా?

బావ: (కాసేపు ఆగి) అది నిజమే. బ్రేకున్న చక్రాలు కొనాల్సింది.

బావమరిది: కొన్నారా మీరు?

బావ: ...ఒకదానికి ఉంది.

బావమరిది: బాగుంది! పోనీ, పెట్టేదెక్కడ? ఆ మూల అక్క గ్యాస్ పొయ్యి ఉంది.

బావ: దాని జోలికి వెళ్ళకు. ఇంట్లో నూనె వాసన పడుతుందని గారెలు, చేపల వేపుడు అన్నీ ఇక్కడే. సంక్రాంతికి బయట మోకాలి లోతు మంచుంటే ముగ్గు కూడా ఈ నేల మీదే వేస్తుంది.

బావమరిది: అంటే మీ నేల మీద కాగిన నూనె చిందొచ్చు, నా బండి రాకూడదు!

బావ: నూనె మాట మీ అక్కతో మాట్లాడుకో, నా వల్ల కాలేదు. కానీ పెట్రోలు ట్యాంకు పక్కన పొయ్యి వెలిగిస్తానంటే ఊరుకోను. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేలబారుగా పాకుతుంది. పొయ్యి బయటికి వెళ్ళాలి, లేదా నీ బండి వెళ్ళాలి.

బావమరిది: మైనస్ ఇరవైలో బయట నిలబడి గారెలు వెయ్యమని అక్కతో ఎవరు చెప్తారు?

బావ: ...

బావమరిది: అయితే ఇటు గోడ వారగా పెడదాం. పొయ్యి వెలిగించే రోజు ముందే ఫోన్ చెయ్యండి, వచ్చి బయటికి లాగుతా. ఇప్పుడెలా దింపాలో చెప్పండి.

బావ: ఇంజను ముట్టుకోకు. లోపల పొగ నిండిందంటే అదొక గొడవ. ముందు నేల ఊడువు, చాప కింద ఇసుక ఉంటే అదే గరగరా గీస్తుంది. గడప మీద ఈ ప్లైవుడ్ ముక్క. దాని నుంచి గోడ దాకా గుర్రపుశాలల్లో వేసే దళసరి రబ్బరు చాపలు, రెండు తెచ్చి పెట్టా. మేకులు దిగినా చాపలోకే దిగుతాయి. స్కీలు పక్కకు తిరక్కుండా ఉంచి ట్రైలర్ మీంచి తిన్నగా చాప మీదికి లాగుదాం. మలుపు తిప్పాల్సిన చోట మాత్రమే స్కీల కింద డాలీలు.

బావమరిది: బ్రేకు లేనివా?

బావ: చక్రం కింద చెక్కముక్క పెడతానయ్యా!

బావమరిది: సరే. ఒక్క మాట. ట్రాక్ సందుల్లో మంచు కూరుకుపోయి ఉంది. రాత్రికి కరిగి చాప కింద నిలిస్తే?

బావ: (వంగి చూసి) అబ్బో, బకెట్‌డు ఉన్నట్టుంది. ఆ చీపురు తే, ట్రైలర్ మీదుండగానే దులిపేద్దాం.