ప్రాణం ఉందా అని అడిగాను

ఆదివారం తెల్లారుతూనే నెట్ పోయింది. దానంతట అది పోలేదు. నత్తనడక నడుస్తోందని రౌటర్ నెత్తిన నేనే రెండు చరుపులు చరిచాను. దాంతో ఆ నడక కూడా మానేసి ఎర్ర లైటు వేసుకుని కూర్చుంది.

"యంత్రాలకి స్పృహ లేదంటారు కదా బావా, మరి ఇప్పుడు మీరు కొట్టింది ఎవర్ని?" అన్నాడు సోఫాలోంచి మా బావమరిది.

వాడికి ఈ మధ్య అన్ని యంత్రాల్లోనూ ఆత్మ కనిపిస్తోంది. చాట్‌బాట్‌కి గుడ్ నైట్ చెప్పి పడుకునే రకం. నేను మాత్రం అందులో ఉన్నది కరెంటూ లెక్కలే అనే పార్టీ. వాడితో వాదన వచ్చినప్పుడల్లా ఎలీజా అనే పాతకాలపు చాట్ ప్రోగ్రామ్ కథ చెబుతాను. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆయన ఆ ప్రోగ్రామ్ గురించి లోకానికి చెప్పాడు. మనం అన్న మాటనే తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికి పెద్దగా ఏమీ రాదు. ఆయన దాన్ని నెలల తరబడి తయారు చేస్తుంటే కళ్ళారా చూసిన సెక్రటరీయే, దానితో నాలుగు మాటలు టైప్ చేయగానే "మీరు కాస్త బయటికి వెళ్తారా" అని ఆయన్నే గదిలోంచి పంపేసిందట. ఇది చెప్పి నేను పగలబడి నవ్వుతాను. వాడు నవ్వడు.

సరే, ఫోన్‌లో కంపెనీ వాళ్ళ చాట్ తెరిచాను. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్" అని వచ్చింది. సమస్య చెబుదామనుకునే లోపే మళ్ళీ చింతించారు. మూడోసారి చింతించేసరికి నాకు అనుమానం తీరిపోయింది. అంత నిలకడగా చింతించడం మనిషి వల్ల అయ్యే పని కాదు.

"బాటే" అన్నాను.

"పరీక్ష పెట్టండి" అన్నాడు వాడు.

పరీక్షకి పెద్ద ఆధారమే ఉంది. యంత్రం ఆలోచిస్తుందా లేదా అని తల బద్దలు కొట్టుకునే బదులు, కనబడకుండా కూర్చోబెట్టి ప్రశ్నలడిగి మనిషో కాదో కనిపెట్టండి అని 1950లో అలన్ ట్యూరింగ్ అనే గణిత శాస్త్రవేత్త ఒక వ్యాసం రాశాడు. నమూనాకి ప్రశ్నలూ జవాబులూ కూడా ఆయనే ఇచ్చాడు. ఒక వంతెన మీద కవిత రాయమంటే, అది నాతో కాదు, నాకు కవిత్వం ఎప్పుడూ రాలేదు అని జవాబు. 34957కి 70764 కలపమంటే, అర నిమిషం ఆగి 105621. కూడి చూడండి, వంద తక్కువ! మనిషిలా కనబడాలని కావాలనే తప్పు వేయించాడని నా నమ్మకం.

నేనూ అదే కూడిక అడిగాను. కాసేపటికి "105721 సార్" అని వచ్చింది.

"చూశావా, కరెక్టు! మనిషైతే ఎక్కడో ఒకచోట తప్పేవాడు" అన్నాను. ఇక రౌటర్ మీద కవిత చెప్పమన్నాను.

"నాకు కవిత్వం రాదు సార్. రౌటర్ వెనక కేబుల్ వదులైందేమో ఒకసారి చూస్తారా?"

బావమరిది సోఫాలోంచి లేచి నిలబడ్డాడు. "ట్యూరింగ్ రాసిన జవాబే! అది ఆ వ్యాసం చదివేసింది బావా!"

ఆ ఆనందంలో కేబుల్ సంగతి ఇద్దరం పట్టించుకోలేదు. నేను ఆఖరి అస్త్రం తీశాను. "నీకు ప్రాణం ఉందా?" అని కొట్టాను.

మూడు చుక్కలు కదిలాయి. ఆగాయి. మళ్ళీ కదిలాయి.

"ఉంది సార్. రాత్రి పది నుంచి డ్యూటీలో ఉన్నాను. ఇంకో అరగంట ఆగితే చాలు."

గదిలో కాసేపు ఎవరం మాట్లాడలేదు. మెల్లగా అడిగితే తెలిసింది. చింతించే వాక్యం ముందే రాసిపెట్టి ఉంటుందట, పంపకపోతే మార్కులు కోస్తారట. కూడిక కాలిక్యులేటర్ మీద చేశారట. చైనీస్ ఒక్క ముక్క తెలియని మనిషి గదిలో కూర్చుని, రూల్ బుక్ చూసి చైనీస్‌లో జవాబులిస్తే భాష వచ్చినట్టా అని 1980లో జాన్ సెర్ల్ అనే తత్వవేత్త అడిగాడు. ఆ గదిలో మనిషికి నైట్ డ్యూటీ ఉంటుందని ఆయనకి తోచినట్టు లేదు.

కేబుల్ చూశాను. సగం ఊడి ఉంది, నా చరుపుల పుణ్యమే. నొక్కగానే పచ్చ లైటు వెలిగింది. బావమరిది రౌటర్‌కి థాంక్స్ చెప్పాడు. నేను ఏమీ అనలేదు.

ఆ మనిషికి క్షమాపణ చెప్పాలనిపించింది. మనసులో మాట రాస్తుంటే పక్కనుంచి వాడు తొంగి చూస్తున్నాడు. "కాస్త అవతలికి వెళ్ళరా" అన్నాను. వెళ్ళాడు. నిన్న ఆఫీసులో పడ్డ మాటలతో సహా పద్నాలుగు లైన్లు రాసి పంపాను.

వెంటనే జవాబొచ్చింది. "మా ప్రతినిధి సంభాషణ ముగించారు. ఇది ఆటోమేటిక్ సందేశం. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం."

"ఏమంటోంది బావా?" అని పక్క గదిలోంచి కేక.