పాతబడేకొద్దీ మంచి మార్కులు!

నిన్న మా అపార్టుమెంటు సంఘం సమావేశంలో మళ్లీ అదే మాట. "సుత్తి పరీక్షలో 44 వచ్చింది కదండీ, ఇంకా మీకు భయమెందుకు?"

ముప్పయ్యేళ్ల నాటి భవనం. కింద కార్లు పెట్టుకునే చోట మూడు పిల్లర్లకు నిలువునా బీటలు. ఒకదానికి పెచ్చు ఊడి చువ్వ కనిపిస్తోంది. అయినా 44 వచ్చిందట, పుట్టీ పెట్టి రంగు వేస్తే సరిపోతుందట!

ఆ సుత్తి పేరు రీబౌండ్ హ్యామర్. స్ప్రింగు బలంతో కొట్టినప్పుడు లోపలి ముక్క ఎంత వెనక్కి ఎగిరిందో అంకెలో చూపిస్తుంది. అంకె ఎంత పెద్దదైతే పైపొర అంత గట్టిది, అంతే. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. కాంక్రీటు ఏళ్ల తరబడి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. దానిలోని సున్నం మెల్లగా సున్నపురాయిగా మారి పైపొర ఇంకా బిగుస్తుంది. గోడకు కొట్టిన వెల్ల గట్టిపడేదీ ఇలాగే. అంకె పెరుగుతుంది. కానీ ఆ మార్పుతోనే కాంక్రీటులోని క్షారగుణం పోతుంది. చువ్వకు తుప్పు పట్టకుండా ఇన్నేళ్లూ కాపాడింది ఆ గుణమే. అంటే చువ్వకు రక్షణ తీసేసిన మార్పే మనకు మార్కులు వేస్తోంది!

మా పై అంతస్తులో ఉండే రిటైర్డు ఇంజినీరు గారు ఊరుకోలేక ఒక పిల్లరు అంచు చిన్నగా చెక్కి, విరిగిన చోట ఫినాల్ఫ్తలీన్ అనే మందు చల్లారు. క్షారం ఉంటే గులాబీ రంగు తేలాలి. చువ్వ దాకా ఎక్కడా రంగు తేలలేదు. తడిసిన బూడిదరంగే. నలుగురం టార్చి వేసుకుని చూశాం. ఒకాయన "మందు పాతదేమో" అన్నారు. ఇంజినీరు గారు మాట్లాడకుండా అదే సీసాలోంచి పక్కన కొత్తగా కట్టిన సిమెంటు గట్టు చెక్కి దాని మీద చల్లారు. క్షణంలో గులాబీ.

ఇంత గట్టిగా ఎందుకు అరుస్తున్నానంటే, ఇదే మోసం పోయినేడాది మా ఇంట్లో జరిగింది.

మా అమ్మకు 78 ఏళ్లు. నలభై కిలోలు కూడా ఉండదు. మోకాళ్ల నొప్పులకు రోజూ మాత్ర వేసుకునేది. రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.1 వచ్చింది, పక్కన 0.6 నుంచి 1.2 అని అచ్చేసి ఉంది. "నార్మల్" అన్నారు, వచ్చేశాం. క్రియాటినిన్ పుట్టేది కండరాల్లో, దాన్ని వడపోసి బయటికి పంపేది కిడ్నీ. వయసుతో కండ కరిగిపోతే అది తక్కువే పుడుతుంది, కిడ్నీ సరిగ్గా వడపోయకపోయినా రక్తంలో అంకె బుద్ధిగానే కనిపిస్తుంది. తర్వాత వేరే డాక్టరు గారు వయసు, ఆడా మగా తేడా కలిపి లెక్క వేశారు. అదే 1.1 ఉన్న పాతికేళ్ల కుర్రాడికి వడపోత నిమిషానికి దాదాపు 95 మిల్లీలీటర్లు, మా అమ్మకు 51. మూడు నెలల పాటు 60కి దిగువనే ఉంటే అది కిడ్నీ జబ్బు కిందే లెక్క. కిడ్నీని దెబ్బతీసే నొప్పి మాత్రలు ఆ రోజే ఆపించారు.

మూత్రంలో ప్రొటీన్ చూస్తే ముందే తెలుస్తుందంటారు. చాలామందికి నిజమే. కానీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎంతోమందికి ప్రొటీన్ పెద్దగా పోకుండానే కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఏ పరీక్షకైనా ఒక గుడ్డి మూల ఉంటుంది.

ఇది మా అమ్మకు వేరే రకంగా తెలుసు. కుండ కొనేటప్పుడు ఒక్కచోట తట్టి ఊరుకోదు. చుట్టూ తిప్పుతూ నాలుగు చోట్ల తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటుంది. రెండు కుండలు పక్కన పెట్టాకే మూడోది తీసుకుంటుంది. అమ్మేవాడు విసుక్కున్నా సరే.

కాంక్రీటులో అల్ట్రాసౌండ్ వేగం కొలిపించుకుందాం అన్నాను. వేగం బాగా తగ్గితే లోపల బీటలో డొల్లో ఉన్నాయని అనుమానించాలి. ఖర్చెక్కువట. గేటుకు గ్రానైటు అతికించినప్పుడు ఈ మాట ఎవరికీ గుర్తు రాలేదు.

పోయిన వారం నేనే ఒక సన్నని గాజుముక్కను బీటకు అడ్డంగా సిమెంటుతో అతికించి, పక్కన తేదీ రాశాను. బీట కదిలితే గాజు విరుగుతుంది. పైసా ఖర్చు లేదు. ఈ ఉదయం కార్యదర్శి గారు ఫోను చేశారు. సోమవారం పెయింటర్లు వస్తున్నారట, ఆ గాజుముక్క చూడటానికి బాగా లేదట, తీసేయమంటున్నారు.

తీయను.