69 నిమిషాల ఆట చూసి సెంటర్‌ని ఎంచుకోవచ్చా?

బే ఏరియా మనవాళ్లలో జేమ్స్ వైజ్‌మన్ పేరు ఇప్పుడు తిట్టయిపోయింది. ఇక్కడి ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ జట్టు వారియర్స్ ఎన్నో ఆశలతో తీసుకుంటే నిలదొక్కుకోలేకపోయిన సెంటర్ అతను. సెంటర్ అంటే బుట్ట దగ్గర ఆడే పొడుగాటి ఆటగాడు. ఈసారి ఉగాది పిల్లల టోర్నమెంట్‌లో ఆ తిట్టు హైస్కూల్లో అప్పుడే అడుగుపెట్టిన ఓ కుర్రాడికి తగిలింది. జట్లు పంచుకునేటప్పుడు పొడుగు చూసి అతన్ని రెండో పిక్‌గా, అంటే రెండో ఎంపికగా, తీసుకున్నారు. మూడు ఆటల్లో ఫౌల్స్ బాగా పడ్డాయి, పాయింట్లు పెద్దగా రాలేదు. ఆదివారం రాత్రికల్లా వాట్సాప్ గ్రూపులో వైజ్‌మన్ ఫొటో మీద ఆ పిల్లవాడి జెర్సీ నంబరు అతికించి తిప్పారు. తిప్పింది పిల్లలు కాదు, పెద్దలే. కమిటీ ఆ మెసేజ్ తీసేసి చేతులు దులుపుకుంది.

చమత్కారం బాగుందనుకున్నవాళ్ల కోసం ముందు అసలు సంగతే మాట్లాడుకుందాం. 2020 డ్రాఫ్ట్‌లో, అంటే ఎన్‌బీఏ జట్లు వరసగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే రోజున, వారియర్స్ వైజ్‌మన్‌ని రెండో పిక్‌గా తీసుకోవడం తప్పేనా? ఆ జట్టు వరకు తప్పే. కానీ మనవాళ్లు అన్నట్టు కుర్రాడిలో సరుకు లేకో, బద్ధకం వల్లో కాదు.

ఎంపిక నాడు కళ్ల ముందు ఉన్నదేమిటో చూడాలి. ఏడడుగుల మనిషి, చేతులు బార చాస్తే ఏడున్నర అడుగులు. చెయ్యెత్తి నిలబడితే వేళ్లు తొమ్మిదిన్నర అడుగుల దగ్గర ఉంటాయి, రిమ్, అంటే బుట్ట అంచు, ఎత్తు 10 అడుగులు. ఆ శరీరంతో కోర్టు ఈ చివర నుంచి ఆ చివరికి గార్డ్‌లా, అంటే బంతి నడిపే చిన్న ఆటగాడిలా, పరుగెత్తగలడు. మెంఫిస్ యూనివర్సిటీలో సగటున 19.7 పాయింట్లు, 10.7 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతి అందుకోవడం), 3 బ్లాకులు (అవతలివాడి షాట్ ఆపడం). అయితే అది మూడే మూడు ఆటల సగటు. కోచ్ పెన్నీ హార్డవే అంతకుముందు అతని కుటుంబం ఇల్లు మారే ఖర్చు ఇచ్చాడన్న కారణంతో కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ 12 ఆటల నిషేధం వేసింది. డిసెంబరులో అతను కాలేజీ వదిలేశాడు. మొత్తం కలిపితే 69 నిమిషాలు. అందులో ఒక ఆట సౌత్ కరోలినా స్టేట్ లాంటి బలహీన జట్టు మీద. పెళ్లిచూపుల్లో కాఫీ అందించిన తీరు చూసి ముహూర్తం పెట్టుకున్నట్టే.

పైగా అది కోవిడ్ ఏడాది. డ్రాఫ్ట్ జూన్‌లో కాకుండా నవంబరు 18న జరిగింది. కొత్తవాళ్లు వేసవిలో ఆడే సమ్మర్ లీగ్ లేదు. డిసెంబరు 22కి సీజన్ మొదలైపోయింది. మామూలుగా కొత్త సెంటర్‌కి దొరికే నాలుగు నెలల పాఠం వైజ్‌మన్‌కి నాలుగు వారాలు కూడా దొరకలేదు. కోవిడ్ పాజిటివ్ రావడంతో అందులోనూ కొంత పోయింది.

కొత్త సెంటర్‌ని చూసేటప్పుడు మనం చేసే పొరపాటు బంతి వెంట కళ్లు పోనివ్వడం. బంతి వదిలేసి అతని పాదాలు చూడాలి. పిక్ అండ్ రోల్ అనే ఎత్తుగడలో సెంటర్ స్క్రీన్ పెడతాడు, అంటే తన గార్డ్‌ని కాచే డిఫెండర్‌కి అడ్డంగా నిలబడతాడు. పాదాలు భుజాలకన్నా కొంచెం వెడల్పుగా పెట్టి, డిఫెండర్ వచ్చి తగిలేలోపే నిశ్చలంగా నిలబడాలి. కదులుతూ తగిలితే ఫౌల్. తగిలాక ఒక కాలి మీద తిరిగి, డిఫెండర్‌ని వీపు వెనక పెట్టుకుని, ఛాతీ బంతివైపు తిప్పి, చేతులు ముఖం ఎత్తులో ఉంచి రిమ్ వైపు వెళ్లాలి. పచ్చి సెంటర్ చేసేదేమిటంటే, గాల్లో పాస్ అందుకుని డంక్ కొట్టాలన్న ఆత్రంలో స్క్రీన్ తగలకముందే జారిపోతాడు. డిఫెండర్‌కి అడ్డే ఉండదు. గార్డ్ ఇరుక్కుంటాడు, తప్పు గార్డ్‌ది అన్నట్టు కనిపిస్తుంది. వైజ్‌మన్ మొదటి సీజన్‌లో ఇది పదేపదే జరిగింది. పక్కన ఉన్నది జట్టులో మేటి షూటర్ స్టెఫెన్ కర్రీ. అతనికి స్క్రీన్ సరిగ్గా తగిలితే చాలు, అర క్షణం ఖాళీ దొరికితే బంతి వలలో పడుతుంది.

డిఫెన్స్‌లో ఇంకా కష్టం. అవతలి గార్డ్ స్క్రీన్ దాటి దూసుకొస్తుంటే సెంటర్ వెనక్కి జరుగుతూ బంతికీ రిమ్‌కీ మధ్య ఉండాలి, తాను కాపలా కాసే మనిషిని తన వెనక్కి పోనివ్వకూడదు. ఇద్దరిని ఒక్కడు ఆపడం అన్నమాట. మరీ ముందుకొస్తే గార్డ్ పక్కనుంచి దాటిపోతాడు. మరీ లోపలికి పోతే ఫ్రీ త్రో గీత దగ్గర ఆగి తీరిగ్గా కొడతాడు. ఉత్తుత్తి షాట్‌కి ఎగిరితే ఫౌల్, లేదా వెనక ఉన్నవాడికి లాబ్, అంటే తల మీదుగా ఎత్తి వేసే పాస్. ఎగరగలవాడికే ఈ జబ్బు ఎక్కువ, ఎందుకంటే హైస్కూల్లో ఆలస్యంగా ఎగిరినా బ్లాక్ దొరికేది. ఎన్‌బీఏలో దొరకదు. ఎగిరినప్పుడు రెండు చేతులూ నిట్టనిలువుగా ఉండాలి. చెయ్యి కాస్త ముందుకు వాలితే చాలు, విజిల్. దానికి తోడు ఎవరినీ కాచకుండా పెయింట్‌లో, అంటే రిమ్ ముందు రంగు వేసిన చోట, మూడు సెకన్లకు మించి నిలబడితే టెక్నికల్ ఫౌల్. కాబట్టి లోపలికీ బయటికీ అడుగులు లెక్కపెట్టుకుంటూ ఉండాలి. ఇవన్నీ చేస్తూ, కోర్టంతా కనిపించేది తనకే గనక, ఎవరు ఎటు మారాలో గట్టిగా అరిచి చెప్పాలి. పందొమ్మిదేళ్ల కొత్త కుర్రాడు కర్రీ, డ్రేమండ్ గ్రీన్ లాంటి సీనియర్ల మీద అరవడం ఎంత కష్టమో ఊహించుకోండి. సెంటర్లు ఆలస్యంగా పండేది ఈ కారణంవల్లే. కాళ్లు వచ్చాక కళ్లు రావాలి, ఆ తర్వాతే గొంతు.

రీబౌండ్ దగ్గరా అంతే. షాట్ లేవగానే ముందు మనిషిని వెతికి వీపుతో అడ్డుకోవాలి, తర్వాతే బంతి. ఎత్తు నమ్ముకున్నవాడు బంతినే చూస్తూ నిలబడతాడు, ఆరడుగుల ఆరంగుళాలవాడు కిందనుంచి దూరి లాక్కుపోతాడు.

ఇక వారియర్స్ ఆట తీరు. అక్కడ సెంటర్ ఎల్బో దగ్గర, అంటే ఫ్రీ త్రో గీత మూలలో, బంతి పట్టుకుంటాడు, చుట్టూ షూటర్లు అల్లుకుపోతూ ఉంటారు, ఎవరికి ఇవ్వాలో అర సెకనులో తేల్చాలి. బంతి పట్టుకుని ఆలోచిస్తే ఆ అల్లిక మొత్తం తెగిపోతుంది. వైజ్‌మన్ మొదటి సీజన్‌లో అసిస్టులు, అంటే పాయింటుకి దారితీసే పాస్‌లు, ఆటకి సగటున ఒకటి కూడా లేవు. 39 ఆటల్లో 11.5 పాయింట్లు, 5.8 రీబౌండ్లు, ఒక బ్లాకుకి లోపు. 19 ఏళ్లవాడికి ఇవి సిగ్గుపడాల్సిన అంకెలు కావు. కానీ అతను కోర్టు మీదున్నప్పుడు జట్టు వెనకబడింది. ఏప్రిల్‌లో అతని కుడి మోకాలిలోని మెనిస్కస్ అనే మెత్తటి ఎముక చిరిగాక పొడుగు సెంటర్ లేకుండా ఆడి, ఆ గాయమైన ఆటతో కలిపి చివరి 20 ఆటల్లో 15 గెలిచింది. మనవాళ్ల తీర్పు పుట్టింది అక్కడే.

ఆ తీర్పులో కలగాపులగం చేసిన ప్రశ్నలున్నాయి. కుర్రాడిలో సరుకుందా అన్నది ఒకటి. ఆ సరుకు కోసం వేచి ఉండే తీరిక ఆ జట్టుకుందా అన్నది వేరు. అంతకుముందు ఏడాది 15 గెలుపులు, 50 ఓటములతో లీగ్‌లో అట్టడుగున ఉండబట్టే ఆ పిక్ చేతికొచ్చింది. కానీ అది నిజంగా అడుగు జట్టు కాదు, గాయాలతో ఒక ఏడాది కూలబడ్డ ఛాంపియన్ జట్టు. కర్రీకి అప్పటికి 32 ఏళ్లు. డ్రాఫ్ట్ రోజే జట్టులో మరో మేటి షూటర్ క్లే థాంప్సన్‌కి మడమ వెనకుండే అకిలీస్ స్నాయువు తెగింది. మూడు నాలుగేళ్లకి పండే సెంటర్‌ని రేపే గెలవాల్సిన జట్టు తీసుకుంది. మొదటి ఏడాది జీతం 87 లక్షల డాలర్ల పైమాటే. లగ్జరీ టాక్స్‌లో ఉన్న జట్టుకి, అంటే జీతాలు హద్దు దాటి లీగ్‌కి పన్ను కట్టే జట్టుకి, ఆ జీతం మీద పన్ను కలిస్తే కొన్ని రెట్లు అవుతుంది. అంత డబ్బుకి అప్పుడే ఆడగలవాడు కావాలి.

బదులు ఎవరిని తీసుకోవాలన్నది అంత తేలిక కాదు. ఆంటొనీ ఎడ్వర్డ్స్ మొదటి పిక్‌లోనే వెళ్లిపోయాడు. లామెలో బాల్ మూడో పిక్, ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడు, తర్వాత చీలమండ గాయాలతో ఏళ్లు పోగొట్టుకున్నాడు. టైరీస్ హాలిబర్టన్ 12వ పిక్, 2025లో ఇండియానాని ఫైనల్స్‌కి తీసుకెళ్లాడు. ఆ రోజు అతన్ని రెండో స్థానంలో తీసుకుంటే ఇదే వాట్సాప్ నవ్వి ఉండేది. ఆ పిక్ ఇంకో జట్టుకి ఇచ్చి బదులుగా కింది పిక్‌లు తీసుకోవాల్సింది అన్నది ఒక్కటే నాకు నిలబడే వాదన.

అసలు పచ్చి సెంటర్ల మీద పందెం తప్పు కాదు, ధర తప్పు. 2009లో రెండో పిక్‌గా వెళ్లిన హషీమ్ థబీట్ ఏడడుగుల మూడంగుళాలు, టాంజానియాలో పదిహేనేళ్లప్పుడు ఆట మొదలుపెట్టాడు. అతని తర్వాత జేమ్స్ హార్డెన్ మూడో పిక్, కర్రీ ఏడో పిక్. ఆ ధర భరించరానిది. అదే రూడీ గోబేర్‌ని 2013లో 27వ పిక్‌గా తీసుకున్నారు, మొదటి ఏడాది ఆటకి పది నిమిషాలు కూడా ఆడలేదు, ఎవరూ గోల చెయ్యలేదు. తర్వాత నాలుగుసార్లు ఉత్తమ డిఫెండర్ అయ్యాడు. 2015లో మన సత్నామ్ సింగ్‌ని డాలస్ 52వ పిక్‌గా తీసుకున్నప్పుడు భారతీయ సంఘాలన్నీ సంబరపడ్డాయి. అతను ఎన్‌బీఏలో ఒక్క ఆట ఆడలేదు, అయినా డాలస్‌కి పోయిందేమీ లేదు. రెండో రౌండ్ పిక్‌కి జీతం హామీయే ఉండదు. 2005లో లేకర్స్ ఆండ్రూ బైనమ్‌ని పదో పిక్‌గా తీసుకుని పాతతరం మేటి సెంటర్ కరీమ్ అబ్దుల్ జబ్బార్ చేతిలో పెట్టారు. మొదటి ఏడాది ఆటకి ఏడు నిమిషాలు. 2009, 2010 ఛాంపియన్ జట్లలో అతనే సెంటర్.

అప్పట్లో వారియర్స్ బెంచీ మీదే ఇంకో పాఠం కూర్చుని ఉండేది. కెవాన్ లూనీ 2015లో 30వ పిక్, ఆరడుగుల తొమ్మిదంగుళాలు, తుంటికి ఆపరేషన్లు, మొదటి సీజన్‌లో ఐదంటే ఐదు ఆటలు. పెద్దగా ఎగరలేడు. 2022 ప్లేఆఫ్స్‌లో ఎన్‌బీఏ జట్టు మెంఫిస్ గ్రిజ్లీస్‌ని ఇంటికి పంపిన ఆటలో 22 రీబౌండ్లు తీశాడు. స్క్రీన్ తగలాలి, వీపు అడ్డాలి, చేతులు నిలువుగా ఉండాలి, అంతే అతని విద్య. అది రావడానికి అతనికి ఏళ్లు ఇచ్చారు. వైజ్‌మన్ 2021-22 మొత్తం మోకాలితోనే పోగొట్టుకున్నాడు. తిరిగొచ్చాక కొద్ది వారాలకే ఎన్‌బీఏ కింది స్థాయి జీ లీగ్‌లో ఆడే శాంటా క్రూజ్ జట్టుకి పంపారు, 2023 ఫిబ్రవరికల్లా డెట్రాయిట్‌కి ట్రేడ్ చేసేశారు. వారియర్స్ తరఫున మొత్తం 60 ఆటలు. ఆ తర్వాత ఇండియానాకి మొదటి ఆటలోనే అకిలీస్ తెగింది. అతను గొప్ప సెంటర్ అయ్యేవాడని నేను అనను. కానందుకు కారణం బద్ధకమని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను.

మనకి ర్యాంకు వచ్చిన రోజే పిల్లల జాతకం రాసేసే అలవాటు విమానం ఎక్కినా పోలేదు. పోవాలని కూడా నేను అనుకోవడం లేదు. పట్టుదలంటూ ఏదైనా మనకు ఉంటే అది ఆ అలవాటులోంచి వచ్చిందే. కానీ పొడుగు పిల్లల విషయంలో అది పచ్చి అన్యాయం చేస్తుంది. పద్నాలుగేళ్లకి ఆరడుగులు దాటినవాడి ఎముకలు కండరాల కంటే ముందు పరుగెత్తి ఉంటాయి. అడుగులు తడబడతాయి, మోకాళ్ల కింద నొప్పి ఉంటుంది. పాయింట్లు గార్డులకే వస్తాయి, ఎందుకంటే మన టోర్నమెంట్లలో ఎవరూ లోపలికి పాస్ ఇవ్వరు!

కాబట్టి కమిటీకి విన్నపం. వచ్చే టోర్నమెంట్‌లో మొదటిసారి సెంటర్‌గా ఆడే పిల్లలకి ప్రతి ఆటలో కనీసం సగం సమయం కోర్టు మీద ఉండే నియమం పెట్టండి. హైస్కూల్ నిబంధనల్లో డిఫెన్స్‌కి మూడు సెకన్ల రూలు లేదు గనక పిల్లవాణ్ణి రిమ్ కింద స్తంభంలా నిలబెట్టకుండా బయటికి వచ్చి ఆడించమని కోచ్‌లకి చెప్పండి. ఐదు ఫౌల్స్‌తో బయటికి పోతాడు, పోనివ్వండి. ప్రాక్టీసులో రోజూ మైకన్ డ్రిల్ చేయించండి. రిమ్ కింద కుడివైపు కుడి చేత్తో, ఎడమవైపు ఎడమ చేత్తో, వలలోంచి పడ్డ బంతి నేల తాకకుండా పట్టుకుంటూ పదేసి వెయ్యాలి, బంతి గడ్డం కిందకి దిగకూడదు. దిగిందంటే ఐదడుగుల గార్డ్ కొట్టేస్తాడు, పొడుగు పిల్లలు ఎక్కువగా బంతి పోగొట్టుకునేది అక్కడే. అది అయ్యాక పది స్క్రీన్లు, తగిలేదాకా కదలకుండా. అలిసిపోయాక ఫ్రీ త్రోలు, ముందు కాదు.

స్కోర్ టేబుల్ దగ్గర ఇంకో కాగితం పెట్టండి. సెంటర్ పెట్టిన స్క్రీన్లలో తగిలినవెన్ని, షాట్ లేచినప్పుడు మనిషిని అడ్డుకున్నది ఎన్నిసార్లు, చేతులు వాలి పడ్డ ఫౌల్స్ ఎన్ని, గట్టిగా పిలిచినవి ఎన్ని. మొదటి ఆటకీ చివరి ఆటకీ తేడా చూసి పిల్లవాడి తల్లిదండ్రులకి ఇవ్వండి, గ్రూపులో వద్దు. ఆ కాగితం నింపడానికి మనిషి దొరకడం లేదంటే ఫుడ్ కమిటీలోంచి ఒకరిని లాగండి, పులిహోర వడ్డించడానికి అంతమంది అక్కర్లేదు.