ఫిట్టింగ్ ఫ్రీ అన్నారంటే ఎక్కడో తేడా కొట్టాలి

ఈ మధ్య మా బావమరిది సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు, కొన్న వారానికే బెజవాడలో ఒక షాపులో ఆండ్రాయిడ్ సెట్టు (టచ్ స్క్రీన్ స్టీరియో), వెనక కెమెరా, డిక్కీలో వూఫరు, దానికో ఆంప్లిఫయరు అన్నీ బిగించుకొచ్చి బిల్లు నా ముందు పెట్టి "బావా, ఫిట్టింగ్ ఫ్రీ" అని మురిసిపోయాడు. రెండు రోజులు బండి కదల్చలేదు. మూడో రోజు పొద్దున్నే గుంటూరు పెళ్ళికి బయల్దేరి తాళం తిప్పితే టిక్ టిక్‌మనడం తప్ప ఏం లేదు. పక్కింటాయన కారు నుంచి జంపర్ కేబుల్ తగిలించి స్టార్ట్ చేసి, పెళ్ళి సంగతి తర్వాత చూద్దామని నేరుగా ఆటోనగర్ తీసుకెళ్ళాం.

అక్కడ ఎలక్ట్రీషియన్ సెట్టు బయటికి లాగి చూపించాడు, పసుపు వైరు ఎరుపు వైరు రెండూ కలిపి మెలేసి టేప్ చుట్టేశారు. మామూలుగా పసుపు వైరుకి బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు ఉంటుంది, సెట్టు మెమరీ పోకుండా, ఎరుపుది తాళం తిప్పితేనే రావాలి. రెండూ కలిపేస్తే తాళం తీసినా సెట్టు నిద్రపోదు, స్క్రీన్ ఆఫ్ చేశాం కదా అని మనం అనుకుంటాం, లోపల బోర్డు మేలుకునే ఉంటుంది, ఆంప్‌ని ఆన్ చేసే దాని రిమోట్ వైరు వల్ల ఆంప్ కూడా మేలుకునే ఉంటుంది. ఆగకుండా 1 ఆంపియర్ లాగినా రోజుకి 24 ఆంపియర్ అవర్లు అయింది, చిన్న కార్ల బ్యాటరీయే 35 ఆంపియర్ అవర్లు, ఇంక లెక్క మీరే చూసుకోండి. బండి ఆగి ఉన్నప్పుడు అన్నీ కలిపి 50 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు అంటారు.

ఇలాంటప్పుడు మనవాళ్ళందరూ చైనా మాల్ అండీ, అందుకే అలా అని తేల్చేస్తారు. నేనైతే ఒప్పుకోను. సెట్టు బాగానే ఉంది, బిగించిన కుర్రాడికి కూడా పని రాదని కాదు, అసలు ఆ పనికి రేటే లేదు కాబట్టి ఫ్యూజు, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు), మంచి వైరు అన్నీ షాపువాడి లాభంలోంచే పోవాలి, వాడు ఎందుకు పెడతాడు?

ఆంప్ సంగతే చూడండి. 300 వాట్ల నికరమైన ఏబీ క్లాస్ (ఆంప్ సర్క్యూట్లలో ఒక రకం) ఆంప్ ఫుల్లుగా మోగితే 40 శాతం దాకా వేడిగానే పోతుంది, అంటే ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు వచ్చే 13.8 వోల్టుల మీద దాదాపు 36 ఆంపియర్లు లాగుతుంది. సెట్టు లైనుకి ఉండే ఫ్యూజు 10 ఆంపియర్లు, లేదా 15. ఆంప్‌కి విడిగా బ్యాటరీ నుంచి లావుపాటి వైరు లాగడం బద్ధకమై ఆ సెట్టు లైనుకే తగిలిస్తారు, ఫ్యూజు కొట్టేస్తుంది, అప్పుడు 30 ఫ్యూజు పెడతారు, అది కూడా దొరక్కపోతే సిగరెట్ పెట్టెలో రేకు. ఇప్పుడు కొట్టేయడానికి ఫ్యూజు లేదు కాబట్టి వైరే కాలుతుంది. చాలామంది ఫ్యూజు ఉన్నది ఆంప్‌ని కాపాడటానికి అనుకుంటారు, కాదు, అది వైరుని కాపాడటానికి. అందుకే ఆంప్‌కి పోయే ప్లస్ వైరు మీద ఫ్యూజు డిక్కీలో కాదు, బ్యాటరీకి ఒకటిన్నర అడుగు లోపు ఉండాలి. బ్యానెట్ లోంచి లోపలికి వచ్చే చోట రేకు అంచుకి వైరు ఒరుసుకుపోతే అక్కడే బాడీకి తగిలి షార్ట్ అవుతుంది, ఆ చిల్లుకి గ్రామెట్, అంటే రబ్బరు రింగు పెట్టమంటే నవ్వుతారు. వైరులో కూడా మోసం ఉంది, పైన రాగి పూత లోపల అల్యూమినియం, చూడ్డానికి లావుగానే ఉంటుంది కానీ అల్యూమినియం రాగితో పోలిస్తే కరెంటుని 60 శాతమే మోస్తుంది.

కెమెరా లాగేది చాలా తక్కువ, దానితో గొడవంతా ఎక్కడి నుంచి లాగారన్నదే. రివర్స్ లైట్ ప్లస్‌కి కలుపుతారు, పాత బళ్ళకి చక్కగా పనిచేస్తుంది. కొత్త బళ్ళలో కొన్నింటికి ఆ లైటుకి కరెంటు ఆగి ఆగి వస్తుంది, మనిషి కంటికి తెలీదు గానీ కెమెరా బొమ్మ మాత్రం వణుకుతుంది, అప్పుడు మధ్యలో రిలేనో ఫిల్టరో పెట్టాలి. మన దేశంలో 2019 జూలై 1 నుంచి కార్లకి వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి చేశారు, కెమెరా కాదు, అందుకే బేస్ మోడల్ కొన్నవాళ్ళంతా బయటే పెట్టించుకుంటారు.

ఇంక టేప్. బెజవాడని బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదుగా, మే నెలలో ఎండలో పెట్టిన కారులో టేప్ జిగురు కారిపోయి జాయింట్లు బయటపడతాయి. వేడి తగిలితే బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవ్ ఎంతని, పది రూపాయలు కూడా ఉండదు. అసలు కంపెనీ వైరు కొయ్యకుండా మన మోడల్‌కి సరిపడే కప్లర్, అంటే ప్లగ్గులా దిగే కనెక్టర్ కొనుక్కుంటే సగం గొడవ తప్పుతుంది, వారంటీ దగ్గర వాదన కూడా తగ్గుతుంది. పసుపు స్లీవ్‌లో ఉండే ఎయిర్‌బ్యాగ్ వైర్ల జోలికి మాత్రం ఎవర్నీ వెళ్ళనివ్వకండి.

యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా స్పీకర్లలో కుయ్యిమంటోందంటే ముందు ఎర్త్, అంటే బాడీకి బిగించే మైనస్ వైరు చూడండి, పెయింట్ గీకకుండా బోల్టు బిగించి ఉంటారు.

ఆటోనగర్ ఆయన బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టి, ఎరుపు వైరుని తాళం లైనుకి మార్చి, జాయింట్లన్నీ క్రింప్ చేసి (టూల్‌తో నొక్కి బిగించి) స్లీవ్ ఎక్కించి 900 తీసుకున్నాడు. వారధి దాటి మంగళగిరి వచ్చేదాకా మా వాడు ఒకటే గొణుగుడు, "ఫ్రీగా అయిపోయిన పనికి 900 ఏంటి బావా" అని.