లా పాజ్‌లో ఈ చిల్లర గోల ఏంటండీ!

బ్యాక్‌ప్యాక్ తగిలించుకుని బొలీవియాలోని లా పాజ్‌కి వచ్చేవాళ్లని అందరూ ఎత్తు గురించే భయపెడతారు. నిజమే, 3,600 మీటర్లు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కానీ అది మెల్లగా సర్దుకుంటుంది. సర్దుకోనిది చిల్లర! ఏటీఎంలో తీస్తే వచ్చేవి 100, 200 బొలీవియానోల నోట్లు, అవి పట్టుకుని పొద్దున్నే వీధి పక్కన సాల్తేన్యా (లోపల వేడి పులుసుతో మాంసం కూరిన కజ్జికాయ లాంటిది, ఎంత బాగుంటుందో) కొందామంటే అమ్మే ఆవిడ నోటు చూడగానే తల అడ్డంగా ఊపేస్తుంది. ఆవిడ తప్పేం లేదు, ఉన్న చిల్లరంతా నాకే ఇచ్చేస్తే మిగతా బేరాలు ఎలా? మినీబస్సుల్లోనూ అంతే, ఏరియాల పేర్లు అరుస్తూ పిలుస్తారు, పెద్ద నోటు తీస్తే మొహం మాడ్చుకుంటారు. నోటు కాస్త చిరిగి ఉంటే ముట్టుకోరు కూడా. నోటు మార్చడానికని అక్కర్లేని నీళ్ల సీసా కోసం సూపర్‌మార్కెట్లో క్యూ కట్టాలి. కేబుల్ కారెక్కి ఇల్లిమాని మంచుకొండని చూస్తూ తిరగాల్సిన టైమంతా దీనికే పోతోంది. జేబులో డబ్బుండి కూడా ఆకలితో నిలబడాలా? ఆ ఏటీఎంలలో 10, 20 నోట్లు కూడా పెడితే బ్యాంకులకేం పోతుంది?