జాక్సన్ గారి గుండె పక్కనున్న తూటాకు

తూటా గారికి,

ఉభయకుశలోపరి. 1806 నుంచి 1845లో పోయేదాకా, తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సన్ గుండె పక్కన అద్దె కట్టకుండా కాపురం చేశారు. తీస్తే మనిషే పోతాడని డాక్టర్లు మీ జోలికి రాలేదు. అమెరికా అధ్యక్ష భవనంలో ఎనిమిదేళ్లున్నారు, అదీ ఒక్క ఓటూ అడక్కుండా.

ఇంతకీ అక్కడికెలా చేరారు? భార్య పరువు కోసం చేసిన ద్వంద్వయుద్ధంలో అని ఆయన అభిమానులంటారు. కానీ తీగ లాగితే డొంకంతా గుర్రపుశాలలో కదులుతోంది. నాష్‌విల్ దగ్గర క్లోవర్ బాటమ్ మైదానం. జాక్సన్ గుర్రం ట్రక్స్‌టన్, జోసెఫ్ ఎర్విన్ గుర్రం ప్లౌబాయ్. పందెం 2000 డాలర్లు. 1805లో ప్లౌబాయ్ కుంటడంతో ఎర్విన్ పక్షం తప్పుకుని 800 డాలర్లు కట్టేందుకు ఒప్పుకుంది. ఏ ప్రామిసరీ నోట్లతో కట్టాలన్న దగ్గర పేచీ మొదలైంది. అందులోకి ఎర్విన్ అల్లుడు చార్లెస్ డికిన్సన్ దిగాడు. మామగారి లెక్కలోకి తలదూర్చిన అల్లుళ్లు బాగుపడ్డట్టు మా వైపు కూడా ఎవరూ చెప్పరు లెండి.

1806 ఏప్రిల్‌లో పందెం మళ్లీ పెడితే, తొడ వాచి ఉన్నా ట్రక్స్‌టనే గెలిచింది. ఇక ఎవరి దారిన వాళ్లు పోవచ్చు. గుర్రాలు అలాగే పోయాయి.

మనుషులు మే 30న పక్క రాష్ట్రం కెంటకీలో కలిశారు. ఎందుకంటే వాళ్ల సొంత రాష్ట్రం టెనెస్సీలో ద్వంద్వయుద్ధం నేరం. రెండేళ్ల క్రితం దాకా అక్కడే జడ్జిగా చేసిన జాక్సన్‌కి ఈ మాత్రం చట్టం తెలీదా? డికిన్సన్ ముందు కాల్చి మిమ్మల్ని పంపాడు. రెండు పక్కటెముకలు విరగ్గొట్టి మీరు స్థిరపడ్డారు. జాక్సన్ కదల్లేదు. పిస్తోలు ఒకసారి మొరాయిస్తే, మళ్లీ సరిచేసుకుని మరీ కాల్చాడు. డికిన్సన్ చనిపోయాడు.

ఈ పరువు కథల్లో ఒక్కళ్ల ఊసు రాదు. ఆ గుర్రాల్ని తోమి, మేపి, తయారుచేసిన బానిసలు. చెమట వాళ్లది, పందెం సొమ్ము దొరది.

ఒక్క సందేహం. తర్వాతి ఏళ్లలో జెస్సీ హేనీ అనే ఆయన మరియా అనే ఆడగుర్రాన్ని దింపాడు. జాక్సన్ ఎన్ని గుర్రాలు తెచ్చినా దాన్ని ఓడించలేకపోయారు. అప్పుడు మీరు అక్కడే ఉన్నారుగా, గుండె పక్కనే. ఎలా కొట్టుకుందో కాస్త చెబుతారా?

ఇట్లు,
గుర్రపు పందెం కాయని ఒక పిరికివాడు